ఇనుప ఉసిరి చెట్టు

నోట్లో మాటలు మరీ ఎక్కువై, వినేవాళ్ళు మరీ తక్కువయ్యే కాలం ఒకటి వస్తుంది మనిషికి. నాకది ఇరవై రెండో ఏట వచ్చింది. అంతకుముందు ఆ లోటు తెలిసే అవకాశమే లేదు. గుడివాడలో రైల్వే స్టేషన్ వెనక వీధిలో, రెండు గదుల ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. మా ఇంట్లో మొదలుపెట్టిన వాక్యాన్ని మొదలుపెట్టినవాళ్ళే పూర్తిచేసిన దాఖలా లేదు. నాన్నగారు (స్కూల్లో గుమాస్తా) సగం అంటే అమ్మ మిగతా సగం అనేది, అది తప్పని నాయనమ్మ లోపల్నుంచి అరిచేది, ఈలోగా రైలు వచ్చి ముగ్గురి మాటల్నీ మింగేసేది. "కాసేపు మనిషన్నవాడు లేని చోటు చూపించు స్వామీ" అని నేను రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి. దేవుడు మామూలుగా నా దరఖాస్తులు పట్టించుకోడు. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు విషయంలో అసలు పట్టించుకోలేదు. ఈ ఒక్కటి మాత్రం వెంటనే మంజూరు చేశాడు, అడిగినదానికంటే చాలా ఎక్కువగా.

బందరు దగ్గర, మంగినపూడి దాటి ఇంకా ముందుకెళ్తే, సముద్రం ఒడ్డున కొన్ని ఇసుక దిబ్బలున్నాయి. మా డెల్టాలో నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది కాబట్టి రెండు తాటిచెట్ల ఎత్తున్న ఇసుకే మాకు కొండ. ఆ దిబ్బల్ని చదును చేసి రొయ్యల చెరువులు తవ్వకుండా ఎవరో పెద్దమనసున్నవాళ్ళు కొని, కట్టడాలు తెలిసిన ఒక పెద్ద సారుని హైదరాబాదు నుంచి పిలిపించి, అక్కడొక పార్కు కట్టించారు. పార్కంటే ఉయ్యాలలు, జారుడుబండలు అనుకునేరు. దిబ్బ కడుపులోకి తవ్వి ఎర్ర ఇటికెలతో గుండ్రటి గది కట్టారు, పైన కప్పు లేదు, లోపల నిలబడితే సముద్రం కనపడదు గానీ హోరు మాత్రం చెవి పక్కనే వినపడుతుంది. దాని పేరు వినే గది. పాత నాటు పడవల్ని నిలువునా కోసి ఇసుకలో నిలబెట్టారు, గాలికి అవి ఈల వేస్తాయి. అన్నిటికంటే పెద్ద దిబ్బ వెనకాల ఇద్దరు మనుషుల ఎత్తున ఒక ఇనుప చెట్టు. ఆకు లేదు, కాయ లేదు, వంకర కొమ్మలు మాత్రం ఉన్నాయి. దాని పేరు నీడ. ఆకుల్లేని చెట్టుకి నీడని పేరెందుకు పెట్టారో ఒకటిన్నర పేజీ వివరణ ఉంది. ఆ ఒకటిన్నర పేజీ, మిగతావాటి మూడున్నర పేజీలు, మొత్తం అయిదు పేజీలు బట్టీ పట్టి వచ్చినవాళ్ళకి అప్పజెప్పడం నా ఉద్యోగం. మా మావయ్య ఎవరినో పట్టుకుని ఇప్పించాడు. "ప్రకృతి, కళ, చల్లగాలి. ఇంకేం కావాల్రా నీకు?" అన్నాడు.

ఇంకేం కావాలో మూడో రోజుకి తెలిసింది. మనుషులు కావాలి. స్నానాలకొచ్చేవాళ్ళు మంగినపూడిలోనే ఆగిపోతారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడాలనుకునేవాళ్ళు అవనిగడ్డ మీదుగా హంసలదీవి వెళ్ళి, పాలకాయతిప్ప ఒడ్డున ఫోటోలు దిగి ఇంటికెళ్తారు. మధ్యలో ఇసుక చూడ్డానికి ఎవడొస్తాడు? పొద్దున్నే బందర్లో అద్దె గది నుంచి షేర్ ఆటోలో జాలరిపేట దాకా వచ్చి, అక్కణ్ణుంచి సరుగుడు తోటలో నడిచి, గేటు తీసి, చొక్కాకి బ్యాడ్జీ తగిలించుకుని నిలబడేవాణ్ణి. సాయంత్రం బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఈ రెంటికీ మధ్య గాలి తప్ప ఏమీ జరిగేది కాదు. ఉన్న ఒక్క తోడు వాచ్‌మన్ బాబాయి. జాలరిపేట మనిషి, ఆదివారం ప్రార్థన మానడు, మాట విషయంలో మహా పొదుపు. రోజుకి మూడు మాటలు, అవీ ఒకేసారి వాడేసేవాడు. "గాలి. రేపు. వాన." ఇక సాయంత్రం దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సముద్రం వంక చూసేవాడు. నేను ఆయనకి అయిదు పేజీలూ రెండుసార్లు అప్పజెప్పాను. మూడోసారి మొదలుపెడితే కుర్చీ తీసుకెళ్ళి గేటు అవతల వేసుకున్నాడు.

తరవాత పీతలకి చెప్పాను. ఎర్రటి చిన్న పీతలు, మొదటి పేరా దాకా బాగానే వినేవి, వాస్తుశిల్పం అన్న మాట రాగానే బొరియల్లోకి దూరిపోయేవి. ఫోను సిగ్నలు పెద్ద దిబ్బ నెత్తి మీద ఒక్కచోటే దొరికేది. అక్కడికెక్కి, లోను కావాలా సార్ అని ఎవరన్నా ఫోన్ చేస్తే దొరికిందే చాలనుకుని అరగంట మాట్లాడేవాణ్ణి. అన్ని వివరాలూ అడిగి, మా ఇంట్లోవాళ్ళ క్షేమం చెప్పి, వాళ్ళది ఏ ఊరో కనుక్కునేవాణ్ణి. ఒకమ్మాయికి విసుగొచ్చి ఆవిడే పెట్టేసింది. లోను ఫోన్లవాళ్ళే విసుక్కున్న మనిషిని బహుశా జిల్లాలో నేనొక్కణ్ణే. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు దిబ్బ మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుందామంటే అక్కడ నా మాట పూర్తికానిస్తే కదా.

సరిగ్గా ఆ వారంలోనే, కార్తీకమాసం మొదట్లో, గుడివాడ నుంచి ఫోనొచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, ఊళ్ళో అందరూ హెచ్చెమ్ గారనే అంటారు. నేను ఆవిడ స్కూల్లో చదవలేదు, అయినా ఆ గొంతు వినగానే దిబ్బ మీద లేచి నిలబడ్డాను.

"మేం రిటైరైన టీచర్లం నాయనా. వచ్చే ఆదివారం వనభోజనాలకి బస్సు వేసుకుని వద్దామనుకుంటున్నాం. మీ పార్కు గురించి మా మాస్టారొకాయన చెప్పారు. చోటుందా?"

"బోలెడుందండీ!"

"నీళ్ళు?"

"ఉన్నాయండీ!"

"ఉసిరి చెట్టు ఉందా?"

గాలి ఈల వేసింది. కార్తీకంలో వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. మిగతా ఏది లేకపోయినా సర్దుకుంటారు గానీ అది లేకపోతే అది వట్టి భోజనం. నా చుట్టూ ఉన్నవి ఇసుక, సరుగుడు, మొగలి పొదలు. పైగా పార్కులోకి బయటి మొక్క ఒక్కటి కూడా తేకూడదనీ, అక్కడున్న కళాఖండాలని ఎవరైనా ముట్టుకుంటే ముందు నా ఉద్యోగం పోతుందనీ పెద్ద సారు మొదటి రోజే చెప్పారు.

"లేకపోతే లేదని చెప్పెయ్ నాయనా, ఏం పర్లేదు. అవనిగడ్డ దగ్గర ఒక తోట చూశాం, అటు వెళ్ళిపోతాం."

"ఉందండీ," అన్నాను.

నేను అనలేదు, అది వచ్చేసింది. ఒక బస్సు నిండా మనుషులు, వాళ్ళంతా జీవితమంతా మాట్లాడి, పిల్లలు అప్పజెప్పింది విని బతికినవాళ్ళు, అవనిగడ్డ తోటవైపు తిరిగిపోతుంటే చూస్తూ ఊరుకునే శక్తి నాకు లేదు. "పెద్ద చెట్టేనా?" అని అడిగితే "ఇద్దరు మనుషుల ఎత్తుంటుందండీ" అని కూడా చెప్పాను. అంత కచ్చితమైన కొలత ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది.

శుక్రవారం సెలవు పెట్టి గుడివాడ పక్కన మా పిన్నిగారి ఊరు వెళ్ళాను. పెరట్లో ఉసిరి చెట్టు విరగకాసి ఉంది. కత్తి పుచ్చుకుని కొమ్మల వైపు వెళ్తుంటే పిన్ని వెనకే వచ్చింది. "ఏంట్రా, కాయలు కావాలంటే కోసిస్తాగా. కొమ్మలు ఊరగాయ పెడతావా?" "ఆఫీసు పని పిన్నీ" అన్నాను. కాయలతో సహా నాలుగు పెద్ద కొమ్మలు గోనెపట్టాలో చుట్టి బందరు బస్సెక్కాను. అవి నా సీటు, పక్క సీటు, కొంచెం డ్రైవరు వీపు కూడా ఆక్రమించాయి. కండక్టరు నా వంకా కొమ్మల వంకా చూసి, "ఎక్కడ దిగుతుందండీ మీ తోట?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. దిగేలోపు గోనెపట్టా చిరుగులోంచి ముగ్గురు ఆడవాళ్ళు పచ్చడికి సరిపడా కాయలు కోసుకున్నారు. నేను వద్దనలేదు. వాళ్ళు నాతో మాట్లాడుతున్నారు మరి.

శనివారం మధ్యాహ్నం కొమ్మలు ఇనుప చెట్టు దగ్గర పడేశాను. బాబాయి వచ్చి చూశాడు. "ఎందుకు?" అన్నాడు. ఆ రోజు కోటా పొద్దున్నే అయిపోయింది, అంటే అది అప్పు మాట. చెప్పాను, మొత్తం చెప్పాను, ఉసిరి చెట్టు సంగతీ, హెచ్చెమ్ గారి సంగతీ, దిబ్బ మీద ఏడ్చిన సంగతి కూడా. ఆయన పేటలోకి వెళ్ళి ఒక నిచ్చెన, వలలు కుట్టే నైలాను దారం తెచ్చాడు. ఆయన కట్టే ముడులు తుఫానుకి కూడా ఊడవు. సాయంత్రానికి ఇనుప చెట్టు పచ్చగా, కాయలతో, దూరం నుంచి చూస్తే ముమ్మూర్తులా ఉసిరి చెట్టైంది. నా తెలివికి నేనే మురిసిపోయి ఫోటో తీసుకున్నాను.

పెరట్లో ఉసిరి చెట్టున్న ఏ చిన్న పిల్లని అడిగినా చెప్పేది, కోసిన కొమ్మకి ఆకు నిలవదని. మాది రెండు గదుల ఇల్లు, పెరడు లేదు. ఆదివారం పొద్దున వచ్చి చూస్తే ఆకు మొత్తం రాలి ఇసుకలో కలిసిపోయింది. బోడి పుల్లలకి కాయలు మాత్రం వేలాడుతున్నాయి. బస్సు గుడివాడలో బయల్దేరిందని అప్పటికే ఫోనొచ్చింది. ప్రార్థనకి తెల్ల చొక్కా వేసుకుని వెళ్తూ వెళ్తూ బాబాయి గేటు దగ్గర ఆగాడు, చెట్టు వంక చూశాడు, చెయ్యెత్తి సరుగుడు తోట చూపించి వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా ఖర్చు కాలేదు. సరుగుడు రెమ్మ సన్నగా, జల్లుగా ఉంటుంది. కళ్ళజోడు తీసేసి చూస్తే ఉసిరి రెమ్మలాగే ఉంటుంది. రిటైరైనవాళ్ళు కదా, చూపు ఆనదులే అని ధైర్యం చెప్పుకుని నిచ్చెనెక్కాను.

బస్సు వచ్చింది. నలభై మందికి పైనే దిగారు. గిన్నెలు, విస్తరాకుల కట్టలు, మడత కుర్చీలు, మోకాళ్ళ నెప్పులు, ఒకరి మీద ఒకరు వేసుకునే హాస్యాలు, అన్నీ కలిసి సరుగుడు తోటలోంచి నడిచొస్తుంటే ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు పులకరించింది. మా ఇల్లు గుర్తొచ్చింది. హెచ్చెమ్ గారు అందరికంటే ముందు, సన్నగా, గంజి పెట్టిన చీరలో వచ్చి "ఏదీ నాయనా చెట్టు?" అన్నారు. చూపించాను. దూరం నుంచి అందరూ "అబ్బ, ఎంత కాసిందో" అన్నారు. చాపలు పరిచారు. ఆవిడ పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఉసిరికాయల మీద వెలిగించే వత్తులు సర్దుకుని, చెట్టు దగ్గరకెళ్ళి, పసుపు చేత్తో మానుకి రాశారు. రాస్తుంటే ఆవిడ బంగారు గాజు తగిలింది.

ఠంగుమంది.

అంతమంది టీచర్లు ఒక్కసారిగా నోరు మూసుకోవడం వాళ్ళ సర్వీసులో కూడా జరిగి ఉండదు. ఆవిడ మళ్ళీ ఒకసారి వేలి కణుపుతో కొట్టి చూశారు. మళ్ళీ ఠంగుమంది. ఒక పొడుగాటి బోటనీ మాస్టారు లేచి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "కాండం ఇనుము. ఆకు సరుగుడు. కాయ ఉసిరి," అని క్లాసులో చెప్పినట్టే చెప్పారు. "ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పాను గానీ, ఈ జాతి సిలబస్‌లో లేదండీ."

నవ్వులు ఎగిసిపడ్డాయి. నేను మాత్రం నవ్వలేదు. వాళ్ళు చాపలు చుట్టేసి వెళ్ళిపోతారని, బస్సు అటు తిరిగిపోతుందని, మళ్ళీ నేనూ గాలీ మిగులుతామని నా కళ్ళకి కట్టింది. ఉద్యోగం పోతుందన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు కూడా రాలేదు. హెచ్చెమ్ గారు పసుపు చేతుల్తో నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఎందుకు చెప్పావు నాయనా అబద్ధం?"

పైవాళ్ళు కట్టమన్నారనో, సరదాకనో ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. "ఎవరూ రావట్లేదండీ," అన్నాను. అంతే వచ్చింది. "రెండు నెలల్నించీ ఎవరూ రాలేదండీ."

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ నా చొక్కాకున్న బ్యాడ్జీ చదివారు. అది కొంచెం వంకరగా ఉంటే సరిచేశారు. చొక్కా మీద పసుపు అంటింది. "గైడువా? ఏం చెప్తావు?"

"అయిదు పేజీలండీ."

"వచ్చా?"

"వచ్చండీ."

ఆవిడ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. "అందరూ లేవండి. భోజనం తరవాత. ముందు ఈ అబ్బాయి పాఠం."

పడవల దగ్గర మొదలుపెట్టి అయిదు పేజీలూ చెప్పాను. నలభై మందికి పైగా, చేతులు కట్టుకుని విన్నారు. ఎక్కడన్నా తడబడితే తెలుగు పండితులు మాట అందించారు. లెక్కల మాస్టారు ఇటికెల గోడ వంపు ఎంతుంటుందో ఇసుకలో గీసి పక్కాయనతో వాదన పెట్టుకున్నారు. ఇనుప చెట్టు దగ్గరికొచ్చి "ఆకులు లేని చెట్టు మనకి నీడ విలువ చెబుతుంది" అని నేను అప్పజెబుతుంటే పైనుంచి ఒక ఉసిరికాయ సరిగ్గా బోటనీ మాస్టారి నెత్తిన పడింది. అంతా అయ్యాక అందరూ గిన్నెల వైపు చూస్తున్నారు, ఆకలి మీదున్నారు. అప్పుడు హెచ్చెమ్ గారు చెయ్యెత్తారు. "ఆ వినే గది సంగతి ఇంకోసారి చెప్పు నాయనా. వెనక నాకు సరిగ్గా వినపడలేదు." ఆవిడ మొదట్నించీ ముందు వరసలోనే ఉన్నారు. నాకు ఆ సంగతి తట్టనే లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాను.

భోజనాలు ఆ ఇనుప చెట్టు కిందే అయ్యాయి. గాలికి దీపాలు ఆగకపోతే తీసుకెళ్ళి వినే గదిలో గోడ వారగా పెట్టారు. అక్కడ బుద్ధిగా వెలిగాయి. విస్తళ్ళు ఎగిరిపోతుంటే నాలుగు మూలలా గవ్వలు పెట్టారు. కంద బచ్చలి కూర, పులిహోర, గుమ్మడికాయ పులుసు, బూరెలు, వీటన్నిటిలోనూ సమానంగా ఇసుక. పళ్ళ కింద కరకరమంటుంటే "మీ వంటలోనే కరకర ఎక్కువండీ" అని ఒకరినొకరు ఏడిపించుకున్నారు. ప్రార్థన నుంచి వచ్చిన బాబాయిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి వడ్డించారు. "ఎలా ఉందండీ?" అంటే ఆయన కాసేపు ఆలోచించి, "పులుసు బాగుందమ్మా, ఇంకొంచెం వెయ్యండి" అన్నాడు. రేపటి కోటాలోంచి ఒక మాట అప్పు తెచ్చి మరీ పులుసు మీద పెట్టేశాడు.

నాలుగింటికి బస్సు వెళ్ళిపోయింది. హారన్ మోత సరుగుడు తోట దాటేదాకా గేటు దగ్గర చెయ్యి ఊపుతూనే ఉన్నాను. తరవాత వచ్చిన నిశ్శబ్దం అంతకుముందు రెండు నెలల నిశ్శబ్దం కంటే పెద్దది. ఇసుక నిండా కాళ్ళ గుర్తులు. గాలి ఒక్కొక్కటే చెరుపుతుంటే అక్కడే నిలబడి చూశాను. మర్నాడు కొమ్మలన్నీ విప్పేశాను. పసుపు మాత్రం ఎంత తుడిచినా పోలేదు. టీచర్లు తీసుకున్న ఫోటో ఎలా చేరిందో ఏమో, ఆ సాయంత్రం పెద్ద సారు ఫోన్ చేశారు. చాలాసేపు ఏమీ అనలేదు. నా ఉద్యోగం ఊడిపోతున్న చప్పుడు నాకు వినపడుతోంది. చివరికి, "అంతా అక్కడే తిన్నారా?" అన్నారు. "తిన్నారండీ." "చెట్టు కిందే?" "అవునండీ." "ఆ పసుపు ఉండనివ్వు" అని పెట్టేశారు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఆ మరుసటి ఏడు వేరే ఉద్యోగం వచ్చి విజయవాడ వెళ్ళిపోయాను. ఇప్పుడు రోజంతా ఫోన్లో మాట్లాడటమే నా పని. ఇంటికెళ్ళాక తలుపు తీసుకుని, వేసుకుని, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పడుకునే రోజులే ఎక్కువ. అలా ఎందుకు అయ్యానో నాకే తెలీదు. పోయిన కార్తీకంలో ఆఫీసు పని మీద బందరు వెళ్ళి, పని తొందరగా అయిపోతే ఆటో మాట్లాడుకుని దిబ్బల దగ్గరకి వెళ్ళాను. మామూలు పనిరోజు, మధ్యాహ్నం, పిట్ట లేదు. గేటు పక్కన బాబాయి ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గురించి అడగటానికి ధైర్యం చాలలేదు. లోపల్నుంచి ఒకమ్మాయి చున్నీ సర్దుకుంటూ, బ్యాడ్జీ తగిలించుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "రండి సార్, రండి!" ఆ సంతోషం నాకు బాగా తెలుసు.

"ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా సార్?"

వచ్చానంటే సగం కత్తిరించేస్తుంది. "లేదమ్మా, ఇదే మొదటిసారి," అన్నాను. ఆ చోట నేనాడిన రెండో అబద్ధం అది.

అన్నీ చెప్పింది. అయిదు పేజీలు కాస్తా ఏడయ్యాయి. ఇనుప చెట్టు దగ్గర ఆగి, మాను మీద పచ్చగా మెరుస్తున్న కొత్త పసుపు చూపించింది. "దీని పేరు నీడ సార్, కానీ అందరూ ఉసిరి చెట్టనే అంటారు. ఏటా కార్తీకంలో గుడివాడ నుంచి పెద్దవాళ్ళు వచ్చి దీని కిందే భోజనాలు పెట్టుకుంటారు. దీపాలు మాత్రం వినే గదిలో పెట్టాలి. ఇక్కడి పాత ఆచారం సార్."

"ఎంత పాతది?"

"చాలా పాతది సార్, పూర్వం నుంచీ ఉంది."

ఆ పూర్వం నేనే. తలూపాను. ఆటో అతను గేటు దగ్గర హారన్ కొట్టాడు. చెప్పాల్సింది అయిపోయింది, ఆ పిల్ల ఏం చెయ్యాలో తెలియక బ్యాడ్జీ తిప్పుకుంటూ, గేటు వైపు, ఖాళీగా ఉన్న దారి వైపు చూసింది. అక్కడ ఆ క్షణంలో నిలబడింది తనో, నేనో నాకు సరిగ్గా తెలియలేదు.

"ఆ వినే గది సంగతి ఇంకోసారి చెప్తావామ్మా?" అన్నాను. "వెనక నాకు సరిగ్గా వినపడలేదు."

వెనకా లేదు, ముందూ లేదు. అంత ఇసుకలో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ అమ్మాయికి ఆ సంగతి తట్టనే లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.